చివరి వరసలో సిద్ధమ్మ

కుప్పం,
జనవరి 18

మామా,

నిన్న ఫోన్ చేస్తే నాలుగు మాటలు కాకముందే "ఫోన్లో సర్క్యూట్లు ఎక్కవు కోడలా, జాబు రాయి" అని పెట్టేశావు. ఈ రోజుల్లో తెల్లకాగితం కొని, కవరు మీద స్టాంపు అంటించేది కుప్పం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. పోస్టాఫీసులో ఉషారాణి గారు కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "యాడుండాడమ్మా, మిలిటరీలోనా?" అని అడిగింది. "కాదండీ, మైకుసెట్టులో ఉండాడు. మా మేనమామ" అన్నాను. పాపం, ఆమె ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

సంగతికొస్తాను. ఎండాకాలంలో మన ఊర్లో పద్దెనిమిది రోజులు జరిగే భారతం హరికథల మైకు ఈసారి నీకు ఇవ్వరేమోనని అమ్మ చెప్పింది. నీ పెట్టె గుర్రుమంటోందనీ, ఉగాదినాడు పంచాంగం చదివేటప్పుడు సరిగ్గా పలికితేనే నీకని, లేకుంటే మదనపల్లె డీజే వాళ్ళకని గుడి కమిటీ పెద్ద నారాయణస్వామి తాత అన్నాడట. ముప్పై ఒక్క ఏళ్ళు ధర్మరాజుల గుడి ముందు నీ మైకే పలికింది. ముప్పై రెండో ఏడు ఇంకెవరిదో పలికితే నువ్వు ఆ పద్దెనిమిది రోజులూ ఊర్లో ఉండవని నాకు తెలుసు. అన్నం కూడా తినవు.

అందుకే బస్సులో ఒక పార్సిల్ పంపుతున్నాను. నేను పనిచేసే పాలిటెక్నిక్ ల్యాబులో, సెలవు రోజుల్లో కూర్చుని చేశాను. దీన్ని క్లాస్ డి ఆంప్లిఫయర్ అంటారు. నీ పాత పెట్టె కొళాయిని సగం తిప్పి పట్టుకున్నట్టు పనిచేస్తుంది, వదలని కరెంటంతా వేడి అయిపోతుంది. ఇది సెకనుకు నాలుగు లక్షల సార్లు పూర్తిగా తెరిచి పూర్తిగా మూస్తుంది. ఆ తెరిచి మూసే గోలను చివర్లో నేను చుట్టిన కాయిల్ ఆపేసి, పాటను మాత్రం స్పీకర్ హారన్‌కు పంపుతుంది. రెండు లారీ బ్యాటరీలు చాలు. బరువు అత్త టిఫిన్ క్యారియరంత. నీ పాత పెట్టె మూల ఏడో తరగతిలో నా కాలి బొటనవేలి మీద పడింది, ఆ గోరు ఇప్పటికీ వంకరే.

నాకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పింది నువ్వు. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పు.

సింధూజ

*

పుంగనూరు,
జనవరి 29

కోడలికి మామ ఆశీస్సులు.

పార్సిల్ అందింది. విప్పి చూస్తే మిఠాయి డబ్బా లాగా ఉంది. మీ అత్త మునిరత్నమ్మ, "ఇదా భారతం వినిపించేది? దీంట్లో పావుకిలో మైసూర్‌పాక్ కూడా పట్టదే" అంది. నేను ఆమెను కోప్పడ్డాను. కోప్పడ్డానే గానీ నాకూ అదే అనిపించింది.

మేడ మీద నాలుగు హారన్లు కట్టి కలిపాను. సరిగ్గా పది సెకన్లు పలికింది. ఆ పది సెకన్లలో గుర్రు లేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా హారన్లలో నిశ్శబ్దం విన్నాను. ఆ తర్వాత పొగ వచ్చింది.

నీ పెట్టెను తప్పుబట్టడం నాకిష్టం లేదు. కానీ ఉన్నమాట రాయాలి కదా. నేనేమీ కొత్తగా చెయ్యలేదు. ఎప్పటిలాగే నాలుగు హారన్ల నల్ల తీగలూ కలిపి ఒకటే తీగగా తెచ్చి పెట్టె బాడీకి బిగించాను. మా గురువు గంగులయ్య నేర్పిన పద్ధతి, తీగ ఆదా అవుతుంది. నలభై ఏళ్ళుగా ఈ తాలూకాలో పెళ్ళిళ్ళన్నీ అలాగే జరిగాయి.

కాలిన చిప్పును పడేయలేదు. నీ మొదటి పని కదా, అల్మారాలో పెట్టాను.

ముద్దుకృష్ణ

*

కుప్పం,
ఫిబ్రవరి 6

మామా,

నీ జాబు చదివి మొదట ఏడ్చాను. నల్ల తీగలన్నీ కలిపానన్న చోటికి వచ్చేసరికి నవ్వాను. తప్పు నాది. దీంట్లో నల్ల తీగ ఊరికే తిరిగొచ్చే దారి కాదు. ఎర్రదీ పనిచేస్తుంది, నల్లదీ పనిచేస్తుంది, ఒకటి తోస్తే ఒకటి లాగుతుంది. దాన్ని బాడీకి కట్టడమంటే రెండు చేతులతో పనిచేసేవాడి ఒక చేతిని గుంజకు కట్టెయ్యడం. మైకుసెట్టు వాళ్ళందరూ నల్ల తీగలు కలుపుతారని తెలిసి తెలిసీ నేను ఆ ముక్క రాయలేదు. మీ గంగులయ్య గారి పద్ధతిలో పెరిగినదాన్ని, నాకు గుర్తుండాలి.

రెండో పెట్టె పంపుతున్నాను. ఒక్కో హారన్‌కు రెండేసి తీగలు విడివిడిగా లాగు. ఎక్కడా కలపకు. తీగ ఆదా సంగతి మర్చిపో.

ఈసారి కాయిల్ మళ్ళీ చుట్టాను, పవర్ కూడా పెంచాను. ల్యాబులో మిషన్ మీద కొలిచి గీత అచ్చు తీశాను, అది కూడా కవర్లో పెట్టాను. బొంగురు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా ఆ గీత ఎక్కడా వంగలేదు, చూడు. మా హెచ్.ఓ.డి. మాధవి మేడం దాన్ని చూసి, "ఇది నువ్వు చేశావా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. మూడోసారి అడుగుతుందేమోనని అక్కడే నిలబడ్డాను.

సింధూజ

*

పుంగనూరు,
ఫిబ్రవరి 20

కోడలా,

పలికింది. పొగ లేదు, గుర్రు లేదు, వేడి లేదు. గంటసేపు మోగించి చెయ్యి పెట్టి చూస్తే నా చెయ్యే వేడిగా ఉంది. బజారులో పోయేవాళ్ళు ఆగి పైకి చూశారు. పక్కన చింతపండు మండీ గోపాలస్వామి వచ్చి "ఏం పెట్టెప్పా ఇది?" అంటే, "మా కోడలు చేసింది" అన్నాను. అతను అడగకపోయినా ఇంకో మూడుసార్లు చెప్పాను.

కానీ ఒక లోపం ఉంది. నీకు గాక ఎవరికి చెప్తాను. మాటలో "స" రావడం లేదు. "శ" రావడం లేదు. మన భారతం హరికథ చెప్పే దాసుగారి పాత రికార్డింగ్ పెట్టాను. గొంతు వస్తోంది, మాట రావడం లేదు. నోట్లో ఉండ పెట్టుకుని చెప్పినట్టుంది.

నువ్వు పంపిన గీత చూశాను. గీత బాగానే ఉంది. కానీ గీతతో నాకేం పని? నాకు చెవితో పని. భారతంలో చివరి వరసలో, ట్రాక్టర్ ట్రాలీ పక్కన, సిద్ధమ్మ కూచుంటుంది, గుర్తుందా? మోకాళ్ళు వంగవని స్టూలు వేసుకుంటుంది, ముందుకు రమ్మంటే రాదు. ప్రతి ఏడాదీ పక్కనున్నవాళ్ళను పొడిచి "యామన్నాడు? యామన్నాడు?" అని అడుగుతూనే ఉంటుంది. ఆమెకు మాట చేరిననాడే మైకు చేరినట్టు, ఇది నేను పెట్టుకున్న లెక్క. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కనాడూ చేరలేదు. "స" లేని పెట్టెతో ఈ ఏడూ చేరదు.

నీ కాయిల్ సన్న శబ్దాన్ని మింగేస్తోందని నా అనుమానం. కోపం తెచ్చుకోకుండా సరిచెయ్యి.

ముద్దుకృష్ణ

*

కుప్పం,
మార్చి 3

మామా,

నీ దగ్గరున్న రెండో పెట్టె లాంటి బోర్డే ఇంకోటి చేశాను. దాని కాయిల్ విప్పి చుట్టాను. కెపాసిటర్లు మార్చాను. నువ్వు చెప్పిన రికార్డింగే పెట్టి విన్నాను. మళ్ళీ కొలిచాను. కొలిచిన తర్వాత చాలాసేపు ల్యాబులోనే కూర్చున్నాను.

మూడో పెట్టె పంపుతున్నాను. ఒక చిన్న భాగం చేర్చాను, ఏమిటని అడగకు. ఈసారి నీకు "స" వినపడుతుంది.

అత్తను కూడా ఒకసారి వినమను. ఆమె ఏమందో రాయి.

సింధూజ

*

పుంగనూరు,
మార్చి 11

కోడలా,

ఇదీ పెట్టె అంటే. స్విచ్ వెయ్యగానే దాసుగారు నా ఎదురుగా కూచుని చెప్పినట్టుంది. ప్రతి "స" విడివిడిగా ఏరుకోవచ్చు. ఎన్నేళ్ళయింది ఇలా విని? చిన్నప్పుడు మా గురువు పక్కన కూచుని విన్నప్పుడు ఇలా ఉండేది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇది నీకు రాయడానికి సిగ్గు లేదు.

మీ అత్త మాత్రం పాత పాటే. "యాలప్పా అంత కీచుమని పెట్టినావు, చెవుల్లో పొడుస్తాండాది" అని చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నేను పెళ్ళిలో కట్టిన పంచెకు కూడా వంక పెట్టిన మనిషి. పట్టించుకోకు.

ఎల్లుండి ఊరికి పోయి హారన్లు కట్టే చోటు చూసి వస్తాను. ఉగాదికి ఇదే పెడుతున్నాను. నారాయణస్వామి మొహం ఎలా ఉంటుందో చూడాలి.

ముద్దుకృష్ణ

*

మదనపల్లె, బస్టాండు,
మార్చి 27

కోడలా,

పుంగనూరు బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉందన్నారు. ఇక్కడే బెంచీ మీద కూచుని రాస్తున్నాను. ఇంటికి పోతే రాయలేను.

ఉగాదినాడు జరిగింది మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. అయ్యవారు పంచాంగం మొదలుపెట్టి "శ్రీ" అన్నాడో లేదో, ముందు వరస ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. నేను ఇంకాస్త పెంచాను. నాకు బాగుంది మరి. చంకలో పిల్లలు ఏడ్చారు. నారాయణస్వామి పరుగెత్తి వచ్చి తీగ లాగేశాడు. "ఏం పెట్టెప్పా ఇది, సూదులు పెట్టి పొడిచినట్టుండాది. ఎవురు చేసినారు దీన్ని?" అని అందరి ముందూ అడిగాడు. నేను నీ పేరు చెప్పలేదు. ఆ రోజు చెప్పకపోవడమే మంచిదనుకున్నాను.

వారం రోజులు ఆలోచించాను. రెండో పెట్టె నాకు మొద్దుగా ఉంది, బజారులో అందరూ మెచ్చుకున్నారు. మూడోది నాకు అమృతం, ఊరంతా చెవులు మూసుకుంది. రెండు పెట్టెలకూ మధ్యలో మారనిది ఒకటే ఉంది. అది నేను.

ఈ రోజు ఇక్కడ చెవి డాక్టరమ్మ దగ్గరకు పోయాను. గాజు గదిలో కూచోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, "సౌండ్ వినపడితే చెయ్యెత్తండి" అంది. ముప్పై ఏళ్ళు జనంతో నేను చేయించిన పని నాతో చేయించింది. బొంగురు శబ్దాలకు టకటకా చెయ్యెత్తాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమోనని అద్దంలోంచి చూస్తే, ఆమె బటన్లు నొక్కుతూనే ఉంది.

కాగితం ఇచ్చి వివరించబోయింది. "నాకు చదవడం వచ్చమ్మా" అన్నాను. నీ గీత నా చొక్కా జేబులోనే ఉంది. రెండూ ఆమె బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నీది చివరిదాకా నేరుగా పోయింది. నాది రెండు వేల హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి కిందికి జారిపోయింది. "స", "శ" ఉండేది ఆ జారిపోయిన చోటేనట. హారన్ల పక్కన నిలబడి నిలబడి చెవి అరిగిపోయిందట.

నీ పెట్టెలో లోపం లేదమ్మా. లోపమున్న భాగం స్పేర్ పార్టుల అంగట్లో దొరకదు.

ఇంకొకటి. ఫోన్లో సర్క్యూట్లు ఎక్కక కాదు నేను జాబులు రాయమన్నది. నాలుగేళ్ళుగా ఫోన్లో ఎవరి మాటా నాకు సరిగ్గా తెలియడం లేదు. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మైకుసెట్టు వాడికి చెవి లేదంటే ఎవరు పిలుస్తారు?

ముద్దుకృష్ణ

*

కుప్పం,
ఏప్రిల్ 1

మామా,

నాకు ఫిబ్రవరిలోనే తెలుసు.

రెండో పెట్టె లాంటి ఆ బోర్డును మళ్ళీ కొలిచినప్పుడు గీత నేరుగానే ఉంది. మాధవి మేడంను వినమన్నాను, ల్యాబు అటెండర్ వెంకటేష్‌ను వినమన్నాను. ఇద్దరికీ "స" వినపడింది. అప్పుడు ఫోన్లు గుర్తొచ్చాయి, టీవీ పక్కనే నువ్వు కూచునేది గుర్తొచ్చింది. నీకు చెప్పే ధైర్యం లేదు. అందుకని సన్న శబ్దాన్ని ఎత్తి చూపే భాగం ఒకటి పెట్టి, పెట్టెకే అబద్ధం నేర్పాను. అత్తను వినమన్నది అందుకే. ఆమె పొడుస్తోందని అన్నట్టు నువ్వు రాసినప్పుడైనా నేను పరుగెత్తుకుని రావలసింది. "కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అని నువ్వు రాసిన వాక్యం చూసి ఆగిపోయాను. ఊరి ముందు నీ తల దించింది నేనే. నన్ను తిట్టు. తిట్టకపోతే బాధగా ఉంటుంది.

ఆ భాగం రెండు స్క్రూలు విప్పితే వచ్చేస్తుంది, బొమ్మ గీసి పంపుతున్నాను. తీసేశాక అది రెండో పెట్టెకంటే మంచిది.

కమిటీ వాళ్ళతో, పెట్టెలోనే లోపం ఉండింది, సరిచేశాం అని చెప్పు. అది నిజమే కదా. చేసినవాళ్ళకు పని రాదనుకుంటే అనుకోనీ. నీ చెవి సంగతి ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు.

సింధూజ

*

పుంగనూరు,
ఏప్రిల్ 14

కోడలా,

తిట్టను. నాకు ఒక్క పది రోజులు "స" వినిపించినదానివి నువ్వు. నువ్వు చేసింది తప్పే, కానీ ఆ పది రోజులు తిరిగిచ్చెయ్యమంటే నేను ఇవ్వను.

నువ్వు చెప్పమన్నట్టు మాత్రం చెప్పలేదు.

నిన్న గుడి దగ్గర కమిటీ కూచుంది. మదనపల్లె వాళ్ళ మనిషి కూడా వచ్చి ఉన్నాడు. నేను లేచి నిలబడి అన్నాను: "ఆ పెట్టె చేసింది మా అక్క కూతురు సింధూజ. పెట్టెలో లోపం ల్యా. లోపం నా చెవిలో ఉండాది. నాకు సరిపడేట్టు చేయించుకున్న్యా, మీకు పొడిచింది." డాక్టరమ్మ కాగితం తీసి నారాయణస్వామి చేతికిచ్చాను. అతను దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

నలభై ఏళ్ళ పేరు నాది, నాకు సరిపడా అనుభవించాను. నీ పేరు ఇప్పుడే మొదలవుతోంది. నీ చేతి పని బాగాలేదని ఒక అబద్ధం చెప్పి నేను ఆ మైకు కట్టుకుంటే, ఆ పద్దెనిమిది రోజులూ నాకు ముద్ద దిగదు.

"మరి చెవి లేనోడివి మైకుసెట్టు ఎట్లప్పా నడిపేది?" అన్నాడు నారాయణస్వామి. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

"చెయ్యి నాది. చెవి మా కోడలిది. శబ్దం సరిచేసే మిక్సర్ ముందర ఆ యమ్మి కూచుంటాది" అన్నాను. నిన్ను అడగకుండానే మాటిచ్చేశాను. మే నెలలో నీకు సెలవులే కదా.

అంతలో ధర్మరాజులకు పూలు ఇవ్వడానికి వచ్చిన సిద్ధమ్మ అక్కడే నిలబడి విన్నది. "ఏమప్పో నారాయణసామీ, మీరంతా ముందర కూచునేటోళ్ళు, మీకేం తెలుస్తాది. నన్నడిగి పెట్టండి పరీక్ష" అంది. అందరూ నవ్వారు. కానీ అదే తీర్మానమయింది. మొదటి రోజు హరికథలో సిద్ధమ్మ పక్కవాళ్ళను ఒక్కసారి "యామన్నాడు" అని అడిగినా, రెండో రోజు నుంచి మదనపల్లె వాళ్ళే. అడగకపోతే పద్దెనిమిది రోజులూ మనమే.

బయల్దేరి రా. నీ సోల్డరింగ్ ఐరన్ తెచ్చుకో, నాది ముక్కు అరిగింది.

ముద్దుకృష్ణ

*

పుంగనూరు,
జూన్ 2

కోడలా,

నువ్వు బస్సెక్కి పోయాక ఇల్లు చిన్నబోయింది. ఇరవై రోజులు ఒకే ఇంట్లో ఉండి కూడా నీకు చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. ఎదురుగా ఉంటే నాకు నీ మాట సగమే తెలుస్తుంది. మనిద్దరికీ కాగితమే బాగా కుదిరింది.

ముందు చిన్న కబుర్లు. సోమవారం మదనపల్లెకు చెవి మిషన్ తెచ్చుకోవడానికి పోతున్నాను. డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా? ఆ చిక్కుడు గింజంత మిషన్ లోపల ఉండేది కూడా నీ క్లాస్ డి జాతేనట. నాలుగు హారన్లు మోసేదీ అదే, నా చెవిలో దూరేదీ అదే. దాన్ని విప్పి చూడనని మీ అత్త నా చేత దేవుడి ముందు చెప్పించుకుంది.

ఇక ఆ సంగతి. మొదటి రోజు మధ్యాహ్నం నువ్వు మిక్సర్ ముందు కూచున్నావు. నేను కనిపించలేదని అలిగావు. నేను చివర, ట్రాలీ చాటున నిలబడి ఉన్నాను. సిద్ధమ్మ స్టూలుకు నాలుగడుగుల దూరంలో. దాసుగారు మొదలుపెట్టాడు. నాకు గొంతు వినపడుతోంది, మాట తెలియడం లేదు. నాకు ఆ రోజు అవసరం కూడా లేదు. నేను సిద్ధమ్మ పెదాలనే చూస్తున్నాను.

ఆమె చెయ్యి రెండుసార్లు పక్కనున్న మునెమ్మ భుజం దాకా లేచింది. అలవాటు కదా. రెండుసార్లూ చెయ్యి దానంతటదే ఒళ్ళోకి దిగింది. మొదటి రోజు కథంతా టూకీగా చెప్తాడు కదా, ద్రౌపది నిండు సభలో అందరినీ నిలదీసే చోటు వచ్చింది. దాసుగారు చెయ్యెత్తాడు. ఆయన నోరు కదిలిన వెంటనే ఇక్కడ సిద్ధమ్మ పెదాలు కదిలాయి. ఆయన ఆగితే ఈమె ఆగింది. ఎప్పుడో చిన్నప్పుడు బట్టీ పట్టిన మాటలు ఆయనతో కలిసి చెప్తోంది. ఆమె పళ్ళు దగ్గరికొచ్చి పెదాలు సాగడం నేను చూశాను. అది "స" అని నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేర్చలేని చోటికి నీ మిఠాయి డబ్బా చేర్చింది.

మొదటి రోజు కథకు మంగళం పాడేటప్పుడు దాసుగారు మైకుసెట్టు వాడి పేరు చదివి దీవించడం మన ఊరి ఆనవాయితీ కదా. ఏటా నా పేరున్న చీటీ నేనే రాసిచ్చేవాణ్ణి. ఈసారి కూడా రాసిచ్చాను. ఏం రాశానో నీకు చెప్పలేదు.

ఆయన చీటీ విప్పడం దూరం నుంచి చూశాను. చదివాడో లేదో నాకు తెలియలేదు. అంతలో మిక్సర్ ముందు నువ్వు గభాలున లేచావు. జనమంతా నీ వైపు తిరిగారు. నువ్వు మాత్రం వెనక్కి తిరిగి, అంతమందిలో నా కోసం వెతికావు. అప్పుడు తెలిసింది, నీ పేరు చివరి వరస దాకా వచ్చిందని.

ముద్దుకృష్ణ